తోమకూడని రేకు

మురికి కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. గొప్ప కోసం చెప్పడం లేదు, అదొక జబ్బు. కడపలో ఉన్నప్పుడు పక్కింటివాళ్ళ బిందె మసిగా కనబడినా లాక్కొచ్చి తోమి ఇచ్చేదాన్ని. వాళ్ళు సంతోషించేవాళ్ళో, లోపల తిట్టుకునేవాళ్ళో నాకు పట్టేది కాదు. ఒమాన్ వచ్చి ఖురియాత్‌లో ఈ ఇంట్లో పనికి కుదిరాక కూడా ఆ జబ్బు తగ్గలేదు. మేడం బడిలో టీచరు. ఆమె పొద్దున వెళ్ళి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంచేదాన్ని. నన్ను ఇంటిపనికని తెచ్చుకున్నారు గానీ నా అసలు డ్యూటీ మేడం వాళ్ళ నాన్నను చూసుకోవడం. ఆయన్ను బాబా అని పిలిచేదాన్ని.

బాబా ఒకప్పుడు రేవు దగ్గర గాలాలు, నైలాన్ దారాలు, వలలు అమ్మే చిన్న కొట్టు నడిపాడు. నేను వచ్చేనాటికి ఆ కొట్టు లేదు. వరండా గోడ నిండా మాత్రం పాత రేకులు ఉండేవి. ఒక్కో రేకు మీద ఒక్కో చేప బొమ్మ, కింద ఏవో విదేశీ అక్షరాలు. అవి చేపల రకాలేమో అనుకున్నాను మొదట్లో. కాదట, అన్నీ కొయ్యచేపలట. గాలానికి నిజం చేపను గుచ్చే బదులు రంగులేసిన కొయ్యచేపను కట్టి నీళ్ళలో లాగితే, పెద్ద చేప దాన్ని చూసి మోసపోయి మింగుతుందట. ఎక్కడెక్కడి దేశాల కంపెనీలు వాటిని చేసి, కొట్లకు పంపేటప్పుడు గోడకు కొట్టుకోమని ప్రకటన రేకులు కూడా పంపేవట. ఆ కంపెనీలు చాలావరకు ఎప్పుడో మూతబడ్డాయని మేడం చెప్పింది. అమ్మేవాడూ లేడు, కొనేవాడూ లేడు, ప్రకటన మాత్రం మిగిలింది. దాన్ని ఊరూరా వెతికి తెచ్చి గోడకు కొట్టుకునే ముసలాయన దగ్గర నాకు పని. తలుచుకుంటే నవ్వొచ్చేది.

శనివారం మేడంకు సెలవు. ఆమె కారు నడిపితే బాబా ముందు కూర్చునేవాడు. వెనక సీట్లో నేను, నా పక్కన కొత్త రేకు ముక్కలు, సుత్తి, మేకులు, రేకులు కోసే కత్తెర. పాత రేకులు షాపుల్లో దొరికేవి కావు. తోటల్లో మేకల దొడ్డికి తలుపుగానో, నీళ్ళ తొట్టి మీద మూతగానో వాడుకుంటూ ఉండేవాళ్ళు. బాబాకు దూరం నుంచే తెలిసిపోయేది. తుప్పు కింద చేప తోక కొసంత కనబడితే చాలు, "ఆపు, ఆపు" అని కూతురి భుజం తట్టేవాడు.

తెలిసిన చోట సరాసరి అడిగెయ్యొచ్చు కదా. అడిగేవాడు కాదు. ముందు సలాం, తర్వాత చాప మీద కూర్చోవడం, ఖర్జూరాలు, కావా అనే వాళ్ళ కాఫీ. ఊళ్ళో ఎవరు బాగున్నారు, ఎవరు పోయారు, ఈసారి సముద్రంలో ఏం పడుతోంది, అన్నీ అయ్యేవి. ఇంక లేద్దామనగా, ఇప్పుడే గుర్తొచ్చినట్టు, "మీ దొడ్డి తలుపు రేకు పాతదైపోయింది, కొత్తది వేసి వెళ్ళనా?" అనేవాడు. ఇంటాయన సరేనంటే తనే కొలత తీసి, కొత్త రేకు కోసి, మేకులు కొట్టి, మేక తల పట్టే సందు ఎక్కడా లేదని చేత్తో తడిమి చూసుకున్నాకే పాత రేకు పట్టుకునేవాడు. ఎండలో సుత్తి పట్టుకుని నిలబడి నాకు ఒళ్ళు మండేది. పక్క వీధిలో పనిచేసే గోదావరి ఆవిడతో చెప్పి చెప్పి నవ్వేదాన్ని.

"మీ బాబా మేకలకి కొత్త తలుపులేయించి పాత తలుపులు ఇంటికి మోసుకొత్తన్నాడా? అయ్ బాబోయ్, అదేం సరదానే తల్లీ!" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

తెచ్చిన రేకులను బాబా కడగనిచ్చేవాడు కాదు. పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలని చేసి చూపించాడు. తడి తగిలితే తుప్పు పెరుగుతుందని భయమేమో అనుకున్నాను. అప్పటికే ఆయనకు మతిమరుపు మొదలైంది. కావా తాగిన ఐదు నిమిషాలకు కావా ఏదని అడిగేవాడు. నన్ను చూసి, నాకంటే ముందు ఆ ఇంట్లో పనిచేసిన ఆమె అనుకునేవాడు. రేకుల విషయంలో మాత్రం పొల్లు పోయేది కాదు. ఏది ఏ ఊళ్ళో, ఎవరి దొడ్లో దొరికిందో, ఆ రోజు వాళ్ళు ఏం పెట్టారో కూడా చెప్పేవాడు.

గోడ మధ్యలో ఉన్న రేకు ఒక్కటే ఎక్కడినుంచీ తెచ్చింది కాదు. అది ఆయన సొంత కొట్టుది. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి తల ఉన్న కొయ్యచేప, కడుపు కింద మూడు ముళ్ళ గాలాలు రెండు. కుడివైపు సగం మాత్రం నల్లటి జిడ్డు. ముట్టుకుంటే వేలికి అంటుకునేది. రోజూ పొద్దున కావా తాగి లేచి, బాబా ఆ జిడ్డు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. ఖర్జూరాలు తిన్న చెయ్యి కడుక్కోకుండా రోజూ అక్కడ పెట్టి పెట్టి ఈయనే ఇంత మురికి పట్టించాడని నేను తీర్మానించుకున్నాను. ఆయన లోపలికి వెళ్ళాక పొడిగుడ్డతో ఒకసారి గట్టిగా రుద్దేదాన్ని. అది కదిలేది కాదు. దానికీ నాకూ మధ్య పంతంలా ఉండేది.

మేడం మేనకోడలి నిశ్చితార్థం మాటలకు ఆడవాళ్ళు వస్తారని ఒకరోజు తెలిసింది. బాబాను మస్కట్ ఆసుపత్రికి తీసుకెళ్తూ, వరండా శుభ్రం చేసి పెట్టమని మేడం నాకు చెప్పింది. వరండా అంది. రేకులు అనలేదు. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు, ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు.

వాళ్ళు అటు వెళ్ళగానే మధ్య రేకు దించాను. పండగ ముందు మా ఇంట్లో ఇత్తడి సామాన్లు ఎలా తోముతామో అలా మొదలుపెట్టాను. ముందు వేడినీళ్ళు, సబ్బు. జిడ్డు మెత్తబడ్డాక ఊరినుంచి తెచ్చుకున్న చింతపండు, గళ్ళుప్పు, పీచు. భుజాలు లాగేదాకా తోమాను. నల్లటి నీళ్ళు కారాయి. కింద నుంచి నేనెప్పుడూ చూడని చేప తోక బయటపడింది, ఎర్రగా, నిన్న వేసినట్టు. సంతోషం పట్టలేకపోయాను. కడిగి, నీడలో ఆరబెట్టి, తుప్పు పట్టకూడదని కొబ్బరినూనె గుడ్డతో అద్ది మళ్ళీ గోడకు తగిలించాను. మిగతావి కూడా చేద్దామని రెండో రేకు దించబోతుంటే కారు వచ్చింది.

బాబా మెట్లెక్కి వచ్చాడు. అలవాటుగా గోడ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. ఆనించలేదు. గాల్లో ఆపి రేకు వైపు చూశాడు, తన అరచెయ్యి చూసుకున్నాడు. నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "వేన్ లోహా?" అన్నాడు. బోర్డు ఎక్కడ అని.

"ఇదే బాబా," అని నవ్వుతూ చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఇది కాదు," అన్నాడు.

వెనకనుంచి మేడం వచ్చి చూసింది. ఆమె ముఖం చూడగానే ఏదో జరిగిందని తెలిసింది గానీ ఏమిటో తెలియలేదు. ఆమె తండ్రిని లోపల పడుకోబెట్టి, వంటింట్లోకి వచ్చి, నాతో ఎప్పుడూ మాట్లాడే హిందీలో నెమ్మదిగా చెప్పింది. బాబాకు ఒక అన్న ఉండేవాడు. కొట్టు ఇద్దరిదీ. ఆ అన్నకు పడవ కూడా ఉండేది. పడవ చెక్కకు ఉప్పునీళ్ళు పట్టకుండా చేప కాలేయం నూనె పూసినట్టే, కొట్టు ముందు రేకుకు కూడా ఆ నూనె అరచేత్తో పూసేవాడు. ఒకసారి నూనె పూసి, చెయ్యి తుడుచుకుంటూ పడవెక్కాడు. తిరిగి రాలేదు. పడవ దొరకలేదు, మనిషి దొరకలేదు. పూడ్చిన చోటంటూ లేదు.

"ఆ నూనె ఎండి నల్లబడింది. అందులో ఐదు వేళ్ళూ కనబడేవి, నువ్వు చూడలేదా? నేను పెదనాన్నను చూడలేదు. ఆ చెయ్యి ఒక్కటే చూశాను," అంది మేడం.

నేను చూడలేదు. రోజూ చూస్తూ కూడా చూడలేదు. నాకు జిడ్డు కనబడింది, చెయ్యి కనబడలేదు. మా పక్క మనిషి పోతే పదకొండో రోజుకల్లా ఇల్లు కడుగుతాం. కట్టుకున్న బట్టలు, పడుకున్న చాప ఇంట్లో ఉంచం. పోయినవాళ్ళ మురికి దాచుకునే ఇల్లు ఉంటుందని నాకెలా తెలుస్తుంది? అలా నాకు నేను ఎన్ని చెప్పుకున్నా ఆ పూట వంటింట్లోంచి బయటికి రాలేదు. మేడం ఒక్క మాట తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది. తిట్టలేదు.

మర్నాడు పొద్దున బాబా కావా తాగి లేచి, "వేన్ లోహా?" అన్నాడు. బాగుచేయించడానికి మస్కట్ పంపామని మేడం చెప్పింది. ఆయన తలూపి, కుర్చీ గేటు దగ్గర వేయించుకుని మధ్యాహ్నం దాకా దారి చూశాడు. ఆ మర్నాడూ అంతే. కూరగాయల బండి వచ్చినా లేచి నిలబడేవాడు. ఎండలో ఆయనకు గొడుగు పట్టుకుని పక్కన నిలబడేది నేనే. ప్రాణం ఉసూరుమనేది.

"నువ్వేం సెప్పమాకు," అంది గోదావరి ఆవిడ. "ఆయనకెలాగూ గుర్తుండదు. నాలుగు రోజులు పోతే మర్సిపోతాడు. నీ నోటితో నువ్వు సెప్పుకుని పని పోగొట్టుకుంటావా ఏంటి?"

"పని పోతే పోతాది మే. ఆయప్ప గేటుకాడ కూసోనుండేది నేను సూడలేకుండా ఉండా," అన్నాను.

అన్నాను గానీ ధైర్యం చాలలేదు. ఇంకో దారి వెతికాను. ఇన్నాళ్ళూ నవ్విన పని నేనే మొదలుపెట్టాను. ఫోన్‌లో ఆ రేకు ఫోటో తీసుకుని, సరుకుల కొట్లో, బస్సు ఆగే చోట, తెలుగువాళ్ళు కనబడిన ప్రతి చోటా ఇలాంటిది చూశారా అని అడిగాను. కొన్ని వారాలకు, జగిత్యాల పక్కనుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన కొట్లో ఆ ఫోటో చూసి ఆగాడు.

"అక్కా, గిసొంటిదే మా సైట్ల ఉన్నది. రేవు ఎనుక పాత దుకాణాలు కూలగొడ్తున్నం గదా, ఒకదాని షట్టర్ మీద కొట్టి ఉన్నది. ఫోర్‌మన్‌ను అడిగి తెస్త," అన్నాడు.

అన్నట్టే తెచ్చాడు. అదే తెల్ల ఒళ్ళు, అదే ఎర్ర తల, అవే అక్షరాలు. అది చూడగానే నాకొక పాడు ఆలోచన వచ్చింది. పడవ నడిపేవాళ్ళ దగ్గర కాలేయం నూనె సీసాడు సంపాదించాను. కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మర్నాడు పొద్దున మేస్త్రీ డ్యూటీకి పోతూ ఇంటి ముందు నుంచి వెళ్తుంటే పిలిచాను. అతని చేతులు సిమెంటు పనితో చాటల్లా ఉండేవి.

"ఇందులో చెయ్యి ముంచి ఈ పక్క ఒకసారి అదిమిపో నాయనా," అన్నాను.

"ఎందుకక్కా?"

చెప్పాను. అతను రెండడుగులు వెనక్కి వేసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, ఇంకా ముంచకుండానే.

"నాతోని గాదక్కా. సచ్చిపోయినాయన చెయ్యి అది. రేపు ముసలాయన నా చేతి మీద చెయ్యి పెట్టి ఏడుస్తడు. పాపం సుట్టుకుంటది. నిజం చెప్పరాదు? తిడ్తే తిడ్తడు."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సీసా మూత పెట్టేశాను. ఆ రేకును ఉన్నదున్నట్టే బాబా ముందు పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. ఎవరిది? వాళ్ళకు బదులు రేకు వేసి వచ్చారా?" అని అడిగాడు. తర్వాత, "నాది ఎక్కడ?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. వింటే అరబ్బీ అర్థమయ్యేది గానీ, నాకు మాట్లాడటం వచ్చింది వంటింటి మాటలే. రేకు చూపించి, నన్ను చూపించుకుని, తోమినట్టు చేతులు తిప్పి, "బాబా, నేనే. చెయ్యి పోయింది. నేనే," అన్నాను. ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆయన నా చేతులు పట్టుకుని, తోమి తోమి గరుకెక్కిన నా వేళ్ళు చూసి, "మా అన్న కూడా అంతే, తుప్పు కనబడితే ఊరుకునేవాడు కాదు," అన్నాడు. చూపుడువేలు కొస లేదట అన్నకు, గాలం కోసేసిందట. కూర్చోబెట్టి చెప్పాడు. గేటు దగ్గరికి వెళ్ళలేదు. భారం దిగిపోయిందనుకున్నాను.

మర్నాడు పొద్దున కావా తాగి లేచి, "వేన్ లోహా?" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత రోజూ మళ్ళీ. అన్నంత తేలిక కాదు అది. ఒక్కోరోజు కప్పు విసిరేసేవాడు. ఒకరోజు నన్ను ఇంట్లోంచి పొమ్మన్నాడు, నేను వంటింట్లోకి పోయి వచ్చేసరికి మరిచిపోయి కావా అడిగాడు. ఒక్కోరోజు, "పోనీలే, సాయంత్రం అన్న వచ్చి మళ్ళీ పూస్తాడు," అని నన్నే ఓదార్చేవాడు. "ఎందుకు రోజూ చెప్పడం? మస్కట్ పంపామని చెప్పు, చాలు," అనేది మేడం. మస్కట్ పంపామంటే ఆయన గేటు దగ్గర కూర్చుంటాడు. నిజం చెబితే ఏడ్చి, తిట్టి, చివరికి అన్న గురించి ఏదో ఒకటి చెబుతాడు. పాట పాడితే శ్రుతి తప్పేవాడట. రొట్టె మాడితే గానీ తినేవాడు కాదట. నాకు పడవలసిన తిట్లు నేను పడుతున్నాననే తృప్తి కూడా ఉండేదేమో, అబద్ధమెందుకు. అలా ఏడాదికి పైగా, పొద్దున లేచి ముఖం కడుక్కోగానే నా మొదటి పని నా తప్పు ఒప్పుకోవడం.

మొన్న చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున బాబా కావా తాగి కప్పు కింద పెట్టాడు. నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆయన లేవలేదు. రోడ్డు మీద పోయే కార్లు చూస్తున్నాడు. చాలాసేపు చూశాను. మర్నాడు కూడా అంతే. మూడో రోజు ఉండబట్టలేక నేనే అడిగాను.

"బాబా, లోహా?"

"ఏ లోహా?" అన్నాడు.

గోడ చూపించాను. చేపల బొమ్మలు చూసి, ఇంటికొచ్చిన చుట్టంలా, బాగున్నాయన్నాడు. "మీ అన్నది, బాబా," అన్నాను. వేలు కొస మడిచి చూపించాను, పడవ చూపించాను. ఆయన ఓపిగ్గా అన్నీ చూశాడు. "నాకు అన్న ఉన్నాడా?" అని అడిగాడు.

ఏడాదిగా ఎన్ని తిట్లు తిన్నా నాకు అంత ఏడుపు రాలేదు. అక్కడే నేల మీద కూలబడి, ఆయన ముందే, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆయన కంగారుపడ్డాడు. కుర్చీలోంచి వంగి నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఏమైంది బిడ్డా? మీ వాళ్ళెవరైనా పోయారా?"

"అవును బాబా. అన్న పోయాడు," అన్నాను.

ఆయన అయ్యో అన్నాడు. కుర్చీలోంచి మెల్లగా లేచి, తలగుడ్డ సర్దుకుని, నా ముందు నిలబడ్డాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళతో అక్కడ చెప్పే మాటలు కొన్ని ఉంటాయి. ఆ మాటలన్నీ ఒక్కటీ మరిచిపోకుండా, మొదటినుంచి చివరిదాకా, వాళ్ళన్న కోసం నాకు చెప్పాడు.